చిన్న కారుకు చిన్న భాగాలు: ఒక చేతిపని చరిత్ర

తాటిముంజెలు తిన్న తరువాత మిగిలిన బుర్రలు రెండింటిని ఒక పుల్లకు చెరొక కొసన గుచ్చి, పంగలకర్రతో తోసుకుంటూ వీధి వెంట పరుగెత్తని పిల్లవాడు మన పల్లెల్లో ఒకప్పుడు అరుదు. ఆ బండికి కొలత లేదు. అది మరే బండికీ నమూనా కాదు. చక్రం ఊడితే మరొక బుర్ర దొరుకుతుంది. ఈ వ్యాసంలో చెప్పబోయే బండ్లు ఇందుకు పూర్తిగా విరుద్ధమైనవి. రోడ్డుమీద నడిచే ఒక కారును తీసుకొని, దానిలోని ప్రతి భాగాన్నీ ఒకే నిష్పత్తిలో తగ్గించి, అరచేతిలో ఇమిడేటట్లు చేసిన నమూనాలు ఇవి. వీటిలో ఒక చక్రం పోయినా, ముందటి జాలీ విరిగినా, సరిగ్గా అటువంటిదే బజారులో దొరకడం కష్టం. కొత్తగా ఒక కారును నమూనాగా చేయదలచుకుంటే అసలే దొరకదు. ఆ భాగాన్ని ఎవరో ఒకరు కూర్చొని చేయవలసినదే.

ఇదేమంత పని అని పాఠకులు అనుకోవచ్చును. కొంచెం లెక్క వేసి చూద్దాం. 24వ వంతు నమూనాను తీసుకొందాం. అసలు కారులో స్టీరింగు చక్రపు కమ్మీ మందం 24 మిల్లీమీటర్లయితే నమూనాలో 1 మిల్లీమీటరు. ఇంతవరకు చిక్కులేదు. తలుపుకూ చట్రానికీ మధ్య సందు అసలు కారులో సుమారు 5 మిల్లీమీటర్లు. నమూనాలో అది 0.2 మిల్లీమీటరు. కారు ఒంటి రేకు మందం 0.8 మిల్లీమీటరు అనుకొంటే నమూనాలో 0.03 మిల్లీమీటరు, అంటే మన తలవెంట్రుక మందంలో సగం కూడా లేదు. అంత పలుచని రేకుతో చేసిన కారు చేత పట్టుకోగానే నలిగిపోతుంది. ఇక రంగు సంగతి. అసలు కారుమీద రంగుపొరలన్నీ కలిసి సుమారు 0.1 మిల్లీమీటరు ఉంటాయి. దానిని 24 చేత భాగిస్తే వచ్చే మందంలో రంగు పూయడం మనకు తెలిసిన ఏ కుంచెకూ సాధ్యం కాదు. బరువు మరింత వింతగా తగ్గుతుంది. పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ తగ్గుతాయి కాబట్టి బరువు 24 ఘనం, అనగా 13,824వ వంతు అవుతుంది. వెయ్యి కిలోల కారు అదే పదార్థాలతో, అదే నిష్పత్తిలో తయారైతే 72 గ్రాములు తూగుతుంది.

కనుక నమూనా చేసేవాడు ప్రతి భాగం దగ్గరా ఒక నిర్ణయం తీసుకోవలెను. ఎక్కడ కొలతకు కట్టుబడాలి, ఎక్కడ కంటిని మోసగించాలి? ఈ విద్య అంతా ఈ ప్రశ్నలోనే ఉన్నది.

ఇంగ్లండులో లివర్పూలు నగరంలో ఫ్రాంక్ హార్న్‌బీ స్థాపించిన మెకానో కంపెనీ తన బొమ్మరైళ్ళ స్టేషన్ల పక్కన అలంకారంగా పెట్టుకొనేందుకు 1933లో చిన్న చిన్న వాహనాలను విడుదల చేసింది. మరుసటి సంవత్సరం వాటికి డింకీ బొమ్మలు అని పేరు పెట్టారు. ఆ తరగతి బొమ్మరైళ్ళకు బ్రిటనులో వాడుకలో ఉన్న కొలత, అసలులో ఒక అడుగుకు నమూనాలో 7 మిల్లీమీటర్లు. అడుగుకు 304.8 మిల్లీమీటర్లు కాబట్టి ఇది సుమారు 43వ వంతు అవుతుంది. నేటికీ ప్రపంచమంతటా నమూనా కార్లు సేకరించేవారు 43వ వంతు కార్లను ప్రత్యేకమైన తరగతిగా పరిగణిస్తారు. ఈ వింత అంకె ఎక్కడిది అని అడిగితే కారు చెప్పలేదు, రైలు చెబుతుంది.

ఆ తొలి కార్లకు కిటికీ అద్దాలు లేవు. 1956లో కోర్గీ పేరుతో పోటీకి వచ్చిన కార్లు పారదర్శకమైన ప్లాస్టిక్ కిటికీలనే తమ గొప్పగా ప్రకటించుకొన్నాయి. డింకీ కారులో పిల్లలకు మొదట పోయేది రబ్బరు టైరు, ఆ తరువాత రంగు. కాని కొన్ని కార్లకు ఆడుకోకుండా బీరువాలో దాచినా పోయే గతి పట్టింది. దీని కారణం రసాయనశాస్త్రంలో ఉన్నది కాబట్టి కొంచెం ఆగి చెప్పుకోవాలి.

ఈ కార్లను యశదం ముఖ్యంగా గల మిశ్రమలోహంతో పోతపోసేవారు. అందులో సుమారు 4 శాతం అల్యూమినియం, కొద్దిగా రాగి, మెగ్నీషియం ఉంటాయి. అమెరికాలోని న్యూజెర్సీ జింక్ కంపెనీ 1929లో రూపొందించిన ఈ తరగతి లోహాలకు జమాక్ అని పేరు. జర్మన్ భాషలో ఈ నాలుగు లోహాల పేర్ల మొదటి అక్షరాలు కూర్చి చేసిన పేరు ఇది. యశదం బాగా శుద్ధమైనదైతే పోత చిరకాలం నిలుస్తుంది. అందులో సీసం ఏ కొంచెం కలిసినా ముప్పు వస్తుంది. కరిగిన లోహం గడ్డకట్టేటప్పుడు స్ఫటికాలుగా ఏర్పడుతుంది. సీసం ఆ స్ఫటికాలలో ఇమడక వాటి సరిహద్దులలో చేరుతుంది. గాలిలోని తేమ తగిలినప్పుడు ఆ సరిహద్దుల వెంటనే లోహం తినివేయబడుతుంది. ఇలా ఏర్పడిన పదార్థాలు అసలు లోహం కంటె ఎక్కువ చోటు ఆక్రమిస్తాయి. అందువల్ల భాగం లోపలి నుంచే ఉబ్బి, పగుళ్ళు వారి, చివరకు బెల్లపు ముక్కవలె చేతిలో పొడి అవుతుంది. నేటి ప్రమాణాల ప్రకారం ఈ లోహంలో సీసం 0.005 శాతానికి మించకూడదు. పాత కార్ఖానాలలో బొమ్మలు వంటి ఇతర వస్తువులకు వాడే సీసం తునకలు పొరపాటున మూసలో కలిస్తే ఆ గీత దాటడానికి ఎంతో సేపు పట్టదు. ఈ జబ్బుకు మందు లేదు. కుళ్ళిన చక్రాన్ని తీసివేసి కొత్త చక్రం చేయడమే మార్గం. ఉబ్బిన చక్రాన్నే అచ్చు తీసి కొత్తది పోస్తే అది కూడా ఉబ్బిన కొలతతోనే వస్తుంది. కాబట్టి ఆరోగ్యంగా ఉన్న మరొక చక్రాన్ని వెతికి దానిని కొలవవలెను.

ఇది పోయిన భాగాన్ని తిరిగి చేయడం. ఏ ఆధారమూ లేకుండా అన్ని భాగాలనూ మొదటినుంచి చేయడమనే విద్యను వేలాదిమందికి ఒక్కసారిగా నేర్పిన సంస్థ వేరొకటి ఉన్నది.

అమెరికాలో డెట్రాయిట్ నగరంలో ఫిషర్ సోదరులు 1908లో కార్లకు ఒళ్ళు కట్టే కార్ఖానా పెట్టారు. వారిది బండ్లు చేసే కుటుంబం. 1926 నాటికి ఆ కార్ఖానా పూర్తిగా జనరల్ మోటార్స్ సంస్థలో కలిసిపోయింది. రాజుల గుర్రపుబండి బొమ్మ దాని చిహ్నం. నెపోలియన్ చక్రవర్తి పట్టాభిషేకంలోను, వివాహంలోను వాడిన బండ్లను చూసి దానిని గీయించారు. 1930లో ఈ సంస్థ బాలురకు ఒక పోటీ ప్రకటించింది. ఆ గుర్రపుబండిని 18వ వంతు కొలతలో, తాము పంపే పటాలను చూసి, ఎవరి చేతులతో వారు చేయవలెను. నెగ్గిన కొద్దిమందికి విశ్వవిద్యాలయ చదువుకు 5,000 డాలర్ల వంతున వేతనం ఇస్తారు.

ఆ సంవత్సరాలు ఎటువంటివో గుర్తుంచుకుంటేనే ఈ అంకె విలువ తెలుస్తుంది. 1929లో వాల్ స్ట్రీట్ కూలింది. 1933 నాటికి అమెరికాలో పనిచేయగల నలుగురిలో ఒకరికి పని లేదు. ఒక కొత్త ఫోర్డు కారు సుమారు 500 డాలర్లకు వచ్చే కాలమది. పది కార్ల విలువ గల చదువు, ఒక బాలుడు తన వంటింటి బల్లమీద చేసిన బొమ్మబండిమీద ఆధారపడి ఉండేది.

ఆ బండిని చేయడమంటే సామాన్యం కాదు. ఒంపులు తిరిగిన కొయ్య ఒళ్ళు, లోపల గుడ్డతో కుట్టిన మెత్తలు, పైకప్పుమీద లోహపు అలంకారాలు, తోలుపట్టీలమీద వేలాడే తొట్టి, వెనుక పెద్దవి ముందు చిన్నవి అయిన చక్రాలు. ఒక్క చక్రాన్నే చూడండి. కుంభం ఒక ముక్క. దానికి సమాన దూరంలో రంధ్రాలు తొలచవలెను. రంధ్రం ఒక్కటి పక్కకు జరిగినా ఆకులన్నీ వంకరపోతాయి. ఆకులు ఒక్కొక్కటీ ఒకే మందంలో చెక్కాలి. ఇరవై చెక్కితే పన్నెండు నిలుస్తాయేమో! పూటీని వంచి అతికించాలి. మన వడ్రంగి ఎద్దుబండి చక్రానికి చేసే పని అంతా ఇక్కడా చేయవలసినదే, కాని ఎంతో చిన్న చోటులో. అలంకారాలు ఒకే రూపంలో నాలుగు కావలసిన చోట తెలివిగల కుర్రవాడు నాలుగూ చెక్కడు. ఒకటి శ్రద్ధగా చెక్కి, దానికి అచ్చు తీసి, ఆ అచ్చులో మిగిలినవి పోస్తాడు. పనిముట్టు చేయడం వస్తువు చేయడం కంటె ముందు రావాలని పద్నాలుగేళ్ళ పిల్లవాడికి ఏ పాఠ్యపుస్తకమూ ఇంత బాగా చెప్పలేదు.

1937లో బండితోబాటు 12వ వంతు కొలతలో కారు నమూనాల పోటీ కూడా మొదలైనది. ఇక్కడ పటం చూసి చేయడం కాదు. తాను ఊహించిన కారును తానే గీసి, మట్టిలో రూపం చూసుకొని, కొయ్యలో చెక్కి, రంగువేసి పంపవలెను. యుద్ధకాలంలో పోటీలు ఆగినవి. యుద్ధానంతరం మళ్ళీ ప్రారంభమై, 1940 దశాబ్దం ముగిసేసరికి గుర్రపుబండి తప్పుకొన్నది, కారు మిగిలినది. ఊహించిన కారుకు ముందటి జాలీ, దీపాల కమ్మీలు, బంపరు బజారులో ఎక్కడ దొరుకుతాయి? ఇత్తడి, అల్యూమినియం ముక్కలను ఆకురాయితో రాచి, పాలిష్ పట్టి చేసుకొనేవారు. పరీక్షకులు దగ్గరనుంచి చూస్తారని, కొయ్యలో ఏ చిన్న నార గీత కనపడినా లెక్కకు వస్తుందని వారికి తెలుసు.

1947లో నెగ్గినవారిలో చక్ జోర్డాన్ అనే యువకుడు ఉన్నాడు. అతడు ఎమ్.ఐ.టి.లో చదివి 1949లో జనరల్ మోటార్స్‌లో చేరాడు. 1986 నుంచి 1992 వరకు ఆ సంస్థ కార్ల రూపకల్పన విభాగానికి ఉపాధ్యక్షుడుగా ఉన్నాడు. ఇటువంటివారు మరికొందరు కూడా ఆ పోటీనుంచి కార్ఖానాకు వెళ్ళారు. కంపెనీ ఇదంతా ధర్మానికి చేయలేదు. పేరు కోసమూ చేసింది, పనివాళ్ళను ఏరుకొనేందుకూ చేసింది. అయినా ఒక లోపం చెప్పక తప్పదు. 1968లో పోటీలు ముగిసేవరకు కూడా అవి బాలురకు మాత్రమే. సన్నని పనిలో చేయి తిరిగిన బాలికలు ఆ దేశంలో ఎందరుండి ఉంటారో ఆలోచిస్తే, 38 సంవత్సరాలపాటు సగం చేతులను లెక్కలోకి తీసుకోలేదని అర్థమవుతుంది.

పోటీ ఉత్సాహం తగ్గడానికి ముందే మరొక మార్గం తెరచుకొన్నది. మిషిగన్ రాష్ట్రంలో 1948లో పుట్టిన ఏ.ఎమ్.టి. కంపెనీ, కార్ల దుకాణాలలో ప్రచారం కోసం పెట్టే 25వ వంతు నమూనాలను చేసేది. 1958లో అది పాలిస్టైరీన్ ప్లాస్టిక్ భాగాలను విడిగా ఒక పెట్టెలో పెట్టి అమ్మసాగింది. ఒకే పెట్టెలోని భాగాలతో కారును మూడు విధాలుగా కూర్చవచ్చును: కార్ఖానానుంచి వచ్చినట్లు, సొంత అభిరుచికి మార్చినట్లు, పందేలకు సిద్ధం చేసినట్లు. ఫిషర్ పోటీలో సంవత్సరం పట్టే పని ఇక్కడ రెండు సాయంత్రాలలో తేలుతుంది. ఇది చేతిపనిని చంపిందని కొందరంటారు. నా అభిప్రాయం వేరు. ఒక పెట్టెలోని ఇంజను, మరొక పెట్టెలోని చక్రాలు, మూడవదాని జాలీ కలిపి, సరిపడని చోట లప్పం పెట్టి నున్నగా రాచి, పెట్టెపై బొమ్మలో లేని నాలుగవ కారును చేయడం కుర్రవాళ్ళు వెంటనే కనిపెట్టారు. మిగిలిపోయిన భాగాల డబ్బా వారికి పెన్నిధి.

పాలిస్టైరీన్ ఈ పనికి ఎంతో అనుకూలమైనది. దానిని అతికించే ద్రావణం జిగురు కాదు. రెండు అంచులనూ కరిగించి ఒకటిగా చేసి తాను ఆవిరై పోతుంది. వేడికి మెత్తబడుతుంది. భాగాలు అంటుకొని వచ్చే చట్రపు పుల్లను కొవ్వొత్తి సెగకు కొంచెం ఎత్తులో పట్టుకొని, మెత్తబడగానే సెగనుంచి తీసి రెండు కొసలూ లాగితే దారమంత తీగె వస్తుంది. మెల్లగా లాగితే లావుగా, వేగంగా లాగితే సన్నగా వస్తుంది. కారు రేడియో ఏరియల్ మొదలు ఇంజను తీగెలవరకు దీనితో చేయవచ్చును. పారవేసే పుల్లనుంచి పుట్టిన భాగమిది.

ప్లాస్టిక్ పెట్టెలో లేని కార్ల సంగతి ఏమిటి? దీనికి బ్రిటనులో 1970 ప్రాంతంలో ఒక సమాధానం దొరికింది. తగరం, సీసం ముఖ్యంగా గల తెల్లలోహంతో 43వ వంతు కార్ల భాగాలను చిన్న చిన్న గదులలో పోతపోసి అమ్మడం మొదలుపెట్టారు. ఉక్కు అచ్చు చేయించాలంటే పెద్ద కంపెనీకే చెల్లు. ఈ లోహం తక్కువ వేడికే కరుగుతుంది. నూటికి 63 వంతులు తగరం, 37 వంతులు సీసం కలిపితే 183 డిగ్రీల సెంటిగ్రేడు వద్దనే ద్రవమవుతుంది. అందువల్ల రబ్బరు అచ్చు సరిపోతుంది. గుండ్రని రబ్బరు బిళ్ళలు రెండింటి మధ్య భాగాల ముద్రలు ఉంటాయి. బిళ్ళలను గిరగిర తిప్పుతూ నడుమ రంధ్రంలో లోహం పోస్తారు. మజ్జిగ చిలికేటప్పుడు చుక్కలు బయటికి చిమ్మినట్లే లోహం అంచులవైపు పరుగెత్తి సన్నని మూలలన్నీ నింపుతుంది. ఇలా ఒక మనిషి, ఒక గదిలో, యాభై కార్లకు సరిపడే భాగాలు చేసి అమ్మగలిగినాడు. సీసపు పొగ, రాచినప్పుడు వచ్చే పొడి శరీరానికి మంచివి కావని చెప్పవలసిన పని లేదు. తరువాత సీసం తగ్గించిన మిశ్రమాలు వాడుకలోకి వచ్చినవి.

పోతకు లొంగని భాగం ఒకటి మిగిలింది: ఊచల చక్రం. అసలు కారులో 4 మిల్లీమీటర్ల ఊచ 43వ వంతులో 0.09 మిల్లీమీటరు. తెల్లలోహం అంత సన్నగా పారదు, పారినా నిలవదు. దీనికి రెండు మార్గాలు. ఒకటి, చుట్టూ మేకులు గల చిన్న పీటమీద సన్నని తీగెను కుంభంనుంచి అంచుకు, అంచునుంచి కుంభానికి అల్లి టంకం పెట్టడం. ఇంగ్లండుకు చెందిన జెరాల్డ్ వింగ్రోవ్ వంటి నిపుణులు ఇటువంటి పనితో పేరు పొందారు. అతని పుస్తకాలు ఒక తరానికి గురువులైనవి. రెండవది రసాయనమార్గం. పలుచని ఇత్తడి రేకుకు వెలుతురు సోకితే గట్టిపడే పొర పూసి, దానిమీద చక్రం పటాన్ని ఫోటోవలె ముద్రిస్తారు. వెలుతురు సోకనిచోట పొర కడిగితే పోతుంది. తరువాత ఫెరిక్ క్లోరైడు ద్రావణంలో ముంచితే పొర లేనిచోట ఇత్తడిలోని రాగి, యశదం రెండూ కరిగిపోయి ఊచలు మిగులుతాయి. ద్రావణం కిందికే కాక పక్కలకూ తింటుంది. అందుచేత రేకు మందం కంటె సన్నని సందును దీనితో తీయడం కష్టం. ఒకవైపుననే తినిపిస్తే రేకు సగం లోతులో ఆగి, మడత పెట్టేందుకు గీత ఏర్పడుతుంది. ఈ లోపం లోనుంచే మడిచే భాగాల నేర్పు పుట్టినది.

మరీ వంపుతిరిగిన భాగాలకు మైనపు పోత ఉన్నది. మైనంతో రూపం చేసి, దానిచుట్టూ మట్టిపొర కట్టి, కాల్చి మైనాన్ని కరిగించి, ఆ ఖాళీలో లోహం పోయడం మన దేశానికి అతి ప్రాచీనమైన విద్య. ఆదిలాబాదు జిల్లాలో ఓజ కులస్థులు నేటికీ ఇలాగే ఇత్తడి బొమ్మలు పోస్తున్నారు. 2018లో దానికి భౌగోళిక గుర్తింపు లభించింది. పాశ్చాత్యదేశాలలో ఈ పద్ధతి సూక్ష్మమైన పనులకు తిరిగి ప్రచారంలోకి వచ్చినది దంతవైద్యం ద్వారా. షికాగోకు చెందిన టాగార్ట్ అనే దంతవైద్యుడు 1907లో పుచ్చిపోయిన పంటికి బంగారపు పూరకం ఇలా పోసి చూపించాడు. పళ్ళనుంచి నగలకు, నగలనుంచి నమూనా కార్ల తలుపు పిడులకు అది చేరినది.

ఆ తరువాత సిలికోన్ రబ్బరు అచ్చులు, రెండు ద్రవాలు కలిపితే నిమిషాలలో గట్టిపడే పాలియురెథేన్ రెసిన్లు వచ్చినవి. వేడి అక్కరలేదు, కొలిమి అక్కరలేదు. ఇంట్లో బల్లమీదనే ఒక భాగాన్ని పాతికసార్లు పోయవచ్చును. దీనితో ఒక తగవు పుట్టింది. ఒకడు మూడు నెలలు కష్టపడి ఒక జాలీ చెక్కి, పదిమందికి అమ్మితే, పదకొండవవాడు దానిని కొని, అచ్చు తీసి, సగం ధరకు అమ్మగలడు. మొదటివాడి శ్రమ రెండవవాడి రబ్బరులో దిగిపోతుంది. దీనికి ప్రకృతి కొంత శిక్ష విధించింది. పోసిన పదార్థం గట్టిపడేటప్పుడు రవ్వంత కుంచించుకుపోతుంది; అచ్చుకు అచ్చు తీసినకొద్దీ భాగం చిన్నదవుతుంది, అంచులు మొద్దుబారుతాయి. అనుభవమున్నవారు కొలబద్ద పెట్టి చూసి ఇది మూలమా, నకలా అని చెప్పగలరు.

1983లో అమెరికాలో చక్ హల్ అనే ఇంజనీరు అతినీలలోహిత కిరణాలతో ద్రవరెసిన్‌ను పొరపొరగా గట్టిపరచి ఒక చిన్న గిన్నెను తయారుచేశాడు. స్కాట్ క్రంప్ అనే మరొక ఇంజనీరు 1988లో కూతురి కోసం ఒక బొమ్మ కప్ప చేయబోయి, ప్లాస్టిక్‌ను కరిగించి జంతికలు పిండినట్లు పొరలుగా పిండే పద్ధతికి ఆలోచన కట్టాడు. దాని ముఖ్యమైన పేటెంటు గడువు 2009లో తీరింది. అంతకుముందే, 2005లో, బ్రిటనులో బాత్ విశ్వవిద్యాలయానికి చెందిన ఏడ్రియన్ బోయర్ ఇటువంటి యంత్రాన్ని ఎవరైనా కట్టుకొనేటట్లు ప్రణాళికలు బహిరంగంగా ఇవ్వడం మొదలుపెట్టాడు. కనుక లక్షల విలువగల యంత్రం క్రమంగా ఇంటి బల్లమీదికి దిగివచ్చింది.

అయితే యంత్రం కూడా మనం మొదట వేసిన లెక్కను తప్పించుకోలేదు. రెసిన్ యంత్రం ఒక్కొక్క పొరను 0.05 మిల్లీమీటరు మందంతో వేస్తుందనుకొందాం. చాలా సన్ననిదే. కాని 24వ వంతు కారుమీద ఆ మెట్టు, అసలు కారుమీద 1.2 మిల్లీమీటర్ల మెట్టుతో సమానం. ఏటవాలుగా ఉన్న ఇంజను మూతమీద ఈ మెట్లు కొండవాలున పొలాల గట్లవలె కనిపిస్తాయి. వాటిని రాచి నున్నగా చేయవలెను. రాచితే సన్నని గీతలు పోతాయి. అందుచేత భాగాన్ని ఏ కోణంలో నిలబెట్టి ముద్రించాలనే నిర్ణయం ముఖ్యమైనది. గట్టిపడని రెసిన్ చర్మానికి పడదు కాబట్టి చేతొడుగులు లేకుండా ముట్టరాదు.

నేడు పాత డింకీ కారుకు చక్రం కావలసివస్తే పోత, ఇత్తడి రేకు, ముద్రణ మూడు మార్గాలూ ఉన్నవి. అసలు చిక్కు అక్కడినుంచే మొదలవుతుంది. కొత్త చక్రం ఎంత బాగా కుదిరితే, కొన్నేళ్ళ తరువాత ఆ కారు అంత సులభంగా పూర్తిగా పాతదిగా చలామణి అవుతుంది, పాతదాని ధరకే చేతులు మారుతుంది. వస్తుసంరక్షణ వృత్తిలోనివారు ఇందుకు పాటించే నియమం సరళమైనది: కొత్త భాగాన్ని మళ్ళీ ఊడదీయగలిగేటట్లు బిగిస్తారు, ఏది ఎప్పుడు మార్చినదీ కాగితంమీద రాసి పెడతారు. శ్రద్ధగల పనివాడు చక్రం లోపలివైపున, ఇరుసు చాటున, తన గుర్తు ఒకటి గీస్తాడు. కారును తిరగవేసి, చక్రం ఊడదీసి చూసినవారికే అది కనబడుతుంది.